మాడిన రాయి

డాక్టర్ అన్సెల్మో కిరోగా రాయిని నాకి చచ్చిపోయాడు.

రాళ్ళు చదివేవాళ్ళందరికీ ఆ అలవాటుంది. ముక్క చేతికొస్తే ముందు నాలుకకి తగిలించి, బంకమన్నో ఇసకో అక్కడే తేల్చేస్తారు. ఈసారి ఎవరో ముక్కకి సైనైడ్ పూశారు.

"నిన్న ఫోన్ చేశాడు," అన్నాడు చీఫ్, మాటె టీ తాగే సొరబుర్ర పక్కకి నెట్టి. "పటగోనియాలో చమురు కోసం తవ్విన బావిలోంచి తీసిన రాళ్ళ పెట్టె ఎవరో మార్చేశారట. ఇవాళ మధ్యాహ్నమే ఆ నేల అమ్మకం మీద మంత్రి సంతకం."

"మాస్టారికి కాపలా ఎవరు?" అడిగాడు ఏజెంట్ లౌతారో.

"మన ఏజెంటే, డెల్ఫీనా. ల్యాబ్‌లో ఆయన పక్క బల్లే."

లౌతారో పళ్ళు కొరికాడు. తనకి రాళ్ళు చదవడం నేర్పింది ఆ ముసలాయనే.

రాళ్ళ పెట్టె ఉన్న గోడౌన్‌కి వెళ్ళి పెన్ టార్చి నొక్కాడు. అతినీలలోహిత కాంతిలో చమురున్న రాయి పచ్చగా మెరవాలి. పెట్టెలో ఒక్క రాయీ మెరవలేదు. ఒకప్పుడు పటగోనియా మీద సముద్రముండేది. దాని అడుగున చేరిన నాచు, మట్టి కింద సమంగా ఉడికితే చమురవుతుంది; ఇంకా లోతుకి దిగితే గ్యాసై, చివరికి మసి మిగులుతుంది. ఎక్కడిదో మాడిన రాయి తెచ్చి, నేలంతా దండగని నమ్మించి, విదేశీ ముఠా కారుచౌకగా కొట్టేయబోతోంది.

వెయిటర్ వేషంలో, సంతకాలు జరిగే హాల్లోకి వెళ్ళాడు. ముఠా పెద్ద వాన్ డ్రీస్ పక్కన ఎర్ర కోటులో డెల్ఫీనా వెలిగిపోతోంది.

"అంతా మాడిపోయింది సార్. ఈ ధరే ఎక్కువ," అంటోంది మంత్రితో. మంత్రి పెన్ను కాగితానికి తగిలింది.

లౌతారో పళ్ళెం ఆమె ముందు పెట్టాడు. అందులో ఒక రాతి ముక్క. "మాస్టారి బల్ల మీద దొరికింది మేడమ్. నాలుకకి తగిలించి అదే మాట చెప్పండి."

ఆమె ముఖం పాలిపోయింది. "ఏంటీ వెటకారం? ల్యాబ్‌కి పంపండి."

"రోజూ నాకేదానివేగా! ఇవాళేం, ఎంగిలా?"

ఆమె చెయ్యి సంచిలోకి దూరింది. లౌతారో పళ్ళెంతో కొట్టాడు. పిస్తోలు కింద పడింది. గార్డులు ఆమెనీ వాన్ డ్రీస్‌నీ పట్టుకున్నారు.

"పళ్ళెంలో పెట్టింది రోడ్డు మీద ఏరుకున్న రాయి," అన్నాడు లౌతారో.

"ఆయన నన్ను కూతురనేవాడు," అంది డెల్ఫీనా నేలచూపులు చూస్తూ. "నా చేత్తో ఇచ్చానని చూసుకోకుండా నాకేశాడు."



"అయితే కింద చమురు నిజంగానే ఉందా?" మంత్రి కళ్ళు మెరిశాయి.

"ఉంది. అది తెలిసినందుకే మాస్టారిని చంపారు."

మంత్రి పాత ధర కొట్టేసి పక్కన పెద్ద అంకె రాశాడు. "ఇంకో కంపెనీ వాణ్ణి పిలవండి. పాపం పెద్దాయన! ఒక బావికి ఆయన పేరు పెడదాంలే."

"ఎండిపోయిన బావి చూసి పెట్టండి సార్," అన్నాడు లౌతారో. "మీకు నష్టముండదు."