రెండో పొంగు దాకా

ఆమె అతనితో అన్న మొదటి మాటే తిట్టు.

"కళ్ళు నెత్తికెక్కాయా? పాలల్లో సిమెంటు పడుతోంది!"

అతను డ్రిల్లు ఆపాడు. రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద, ఆమె టీ స్టాలుకి మూడడుగుల దూరంలో, మోకాళ్ళ మీద కూచుని నేలకి బోల్టులు బిగిస్తున్నాడు. పైన రేకుల మీద వాన దంచికొడుతోంది. మనిషంతా తెల్లటి దుమ్ము, మధ్యలో రెండు కళ్ళు.

"సారీ అండీ. కాసేపు మూత పెట్టుకోండి."

"మూతా? ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇక్కడున్న స్టాలు మాది. ఆ మూత మీ నోటికి పెట్టుకోండి."

"నోటికి పెడితే దుమ్ము ఆగదు కదండీ."

పక్కన ఊడుస్తున్న ప్లాట్‌ఫారం అత్త చీపురు వదిలేసి నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆ పొద్దున్నే స్టాలు తలుపుకి నోటీసు అంటించి పోయారు. నెల రోజుల్లో ఖాళీ చెయ్యాలట. స్టేషన్లో తినేవీ తాగేవీ ఆధునికం చేస్తున్నారట. ఇక మీద టీ, కాఫీ, సూపు అన్నీ బటన్ నొక్కితే పెట్టెలోంచి వస్తాయి. రొట్టెముక్క కూడా సీలు వేసిన కవర్లోంచే. ఆ పెట్టె కోసమే ఈ బోల్టులు.

స్టాలు వెనక స్టూలు మీద ఆమె నాన్న కూచుని ఉన్నాడు. మోకాళ్ళు రెండూ పోయాయి, గొంతు మాత్రం పోలేదు. ఆయన కేక వేస్తే రైలు చివరి బోగీలో నిద్రపోతున్నవాడు లేచి టీ అడిగేవాడు. పోయిన ఏడాది ఆ కేక కూడా ఆపించారు. మనిషి అరిస్తే గోల, అదే మాట మైకులో అంటే ప్రకటన. పెద్దవాళ్ళ రూల్స్ అలాగే ఉంటాయి.

కూలీలు ఆమెని స్టాప్‌వాచీ అని పిలుస్తారు. ఊరికే పెట్టిన పేరు కాదు. ఆ స్టేషన్లో రైలు ఆగేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఆమె నలభై కప్పులు అందిస్తుంది. పొయ్యి వెలిగించేది గడియారం చూసి కాదు. అవతల రైల్వే గేటు వేసేటప్పుడు గంట మోగుతుంది. అది మోగిన ఏడు నిమిషాలకి రైలు వస్తుంది. గంట వినగానే నీళ్ళు పెడుతుంది. మరిగాక పొడి వేసి, దించి, మూత పెట్టి, అరవై లెక్కపెడుతుంది. పాలు పోసి మళ్ళీ పొయ్యి మీద పెడుతుంది. మొదటి పొంగు వస్తే పక్కకి తీసి, రెండో పొంగు దాకా మళ్ళీ కాస్తుంది. కెటిల్లోకి వంపేసరికి ఇంజను ప్లాట్‌ఫారం మీదకొస్తుంది. ఇదంతా నాన్న నేర్పిన పద్ధతి.

మరుసటి రోజు మెకానిక్ స్నానం చేసిన మొహంతో వచ్చాడు.

"ఒక టీ ఇస్తారా?"

"మీ పెట్టెలో తాగండి."

"దానికింకా కరెంటు రాలేదండీ. వచ్చినా అది తాగలేం. గోడకి కొట్టే సున్నంలా ఉంటుంది."

"అమ్మేది మీరేగా?"

"బిగించేది నేను. అమ్మేది కంపెనీ. తాగేది జనం. ముగ్గురిలో ఎవరికీ ఆ టీ నచ్చదు."

నాన్న స్టూలు మీంచి అన్నాడు, "ఇవ్వమ్మా. తిండికి పని చేసుకునేవాడి మీద ఏం కోపం?"

ఇచ్చింది. అతను తాగాడు. ఖాళీ కప్పు అడుగు చూసుకుని, ఇంకా ఏమైనా మిగిలిందేమోనన్నట్టు ఇంకోసారి చూసుకున్నాడు. ఆ చూపుకి ఆమె కోపం సగం పోయింది. మిగతా సగం కోసం రోజూ వెతుక్కోవలసి వచ్చింది.

వారం తిరిగేసరికి కెటిల్లో మొదటి కప్పు అతనిదైంది. అత్తకి ఈ సంగతి తెలియకుండా ఉంటుందా?

"నా కప్పు రోజురోజుకీ పలచనవుతోందే, స్టాప్‌వాచీ. చిక్కటిదంతా ఎటు పోతోందో?"

"నువ్వు ఊడ్చుకో అత్తా!"

"ఊడుస్తున్నా. ఆ దుమ్ములో దొరికినవాడే కదా."

ఒక మధ్యాహ్నం, రెండు రైళ్ళ మధ్య ఖాళీలో, వాన ప్లాట్‌ఫారం అంచు మీంచి ధార కట్టి పడుతుంటే, అతను అడిగాడు.

"ఇదెలా చేస్తావు? నిజంగా చెప్పు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. ఆమె చెప్పింది. చేసి చూపించింది. అతని చేతికి గరిట ఇచ్చి, మొదటి పొంగుకే దించబోతే మణికట్టు పట్టుకుని ఆపింది.

"తొందరేంటి? రెండోది రానీ."

"ఆ రెండోదానిలో ఏముంది?"

"తాగేటప్పుడు నువ్వే చెప్తావు."

చెయ్యి వదలడం కొంచెం ఆలస్యమైంది. నాన్న అటు తిరిగి, తుడిచిన కప్పులే మళ్ళీ తుడిచాడు.

ఇరవయ్యో రోజు అతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో కాగితం కప్పు.

"కళ్ళు మూసుకో. తాగు."

తాగింది. తనదే. నీళ్ళ మరుగు, అరవై లెక్క, రెండో పొంగు, అన్నీ ఉన్నాయి. తన చేతిని ఎవరో తెంచి కప్పులో వేసి ఇచ్చినట్టనిపించింది.

"ఎక్కడిది?"

"పెట్టెలోది! పది రోజులు కూచున్నా దాంతో. రైళ్ళు లేని టైమంతా ఇదే పని. రెండుసార్లు మరిగేలా పెట్టా. నువ్వు చెప్పినట్టే. ఇక ఈ పెట్టెలు పెట్టే ఇరవై నాలుగు స్టేషన్లలో నీ టీ దొరుకుతుంది!"

"మరి నేనెక్కడ దొరుకుతాను?"

అతని నవ్వు మొహం మీదే ఉండిపోయింది. ఎలా తీసేయాలో తెలియలేదు.

"నేను... నీ టీ పోకూడదని..."

"నా టీ ఉంచి నన్ను పంపేస్తున్నావు. పెట్టె చేసే టీ సున్నంలా ఉన్నంత కాలం జనం మమ్మల్ని అడుగుతారని ఒక ఆశ ఉండేది. అది కూడా నీ చేత్తోనే తీసేశావు." కప్పు బల్ల మీద పెట్టింది. "నీకు నేర్పింది తాగుతావని. పెట్టెలో పెడతావని కాదు."

"అలా అనుకోలేదు."

"అనుకోకపోవడమే నీ తప్పు. మంచివాళ్ళంతా ఇంతే. చేతులు చేసే పని గురించి బుర్రని అడగరు."

మర్నాటి నుంచి అతనికి టీ లేదు. అతను వచ్చి నిలబడేవాడు. ఆమె రైలు వైపు చూసేది. అత్త కూడా జోకు వెయ్యలేదు.

పెట్టె ప్రారంభం రోజు వచ్చింది. కంపెనీ మేనేజర్ మెరిసే బూట్లతో దిగాడు. ఆ రోజంతా స్టాల్లో పొయ్యి వెలిగించకూడదని ముందే చెప్పారు. ఆమె, నాన్న చల్లటి పొయ్యి ముందు కూచున్నారు. మళ్ళీ వాన.

పదీ నలభై రైలు ఆగింది. తడిసిన జనం దిగి పెట్టె ముందు వరస కట్టారు. ఒక ముసలావిడ బటన్ నొక్కింది. పెట్టె గుర్రుమంది. నీళ్ళు మరిగాయి. ఆగింది. లోపల ఏదో లెక్కపెట్టుకుంది. మళ్ళీ మరిగింది.

"ఇది టీ పెడుతోందా, పురుడు పోసుకుంటోందా?" అన్నాడెవరో.

నిమిషం యాభై సెకన్లకి కప్పు నిండింది. గార్డు ఈల వేశాడు. ముసలావిడ కప్పుతో ఎక్కింది. మిగతావాళ్ళంతా ఖాళీ చేతులతో పరిగెత్తారు. తర్వాతి రైలుకీ అంతే, ఆ తర్వాతిదానికీ అంతే. రైలుకి ఒక్క కప్పు.

మెకానిక్ మొహం పాలిపోయింది. ఆమెకి అర్థమైంది. పది రోజులూ అతను రైళ్ళు లేనప్పుడే పెట్టెని పరీక్షించాడు. రుచి చూశాడు కానీ రైలుని చూడలేదు. పెట్టెకి గేటు గంట వినపడదు. బటన్ నొక్కాకే మొదలుపెడుతుంది.

మేనేజర్ విరుచుకుపడ్డాడు. "పదిహేను సెకన్లలో రావాలి కదయ్యా కప్పు?"

"అది వేరే టీ సార్."

"ఏదో ఒకటి! పాతదానికి మార్చు. ఇప్పుడే. పెట్టె తాళం నీ దగ్గరే ఉందిగా?"

తాళం అతని చేతిలోనే ఉంది. అతను ఆమె వైపు చూశాడు. క్షమించమని అడిగే చూపు కాదది. తప్పు లెక్క ఎక్కడ చేశాడో ఇప్పుడే తెలిసినవాడి చూపు.

"మార్చను సార్."

"ఏమన్నావ్?"

"ఆ పదిహేను సెకన్లది మీరు ఒక్క కప్పు తాగండి. పూర్తిగా. అప్పుడు మారుస్తా."

మేనేజర్ తాగుతాననలేదు. "నీ పని అయిపోయింది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే అవతల గేటు గంట మోగింది.

ఆమె లేచి నిలబడింది. వెలిగిస్తే ఆర్డరు ధిక్కరించినట్టు. లైసెన్సు నెల గడువు దాకా ఆగకుండా ఆ రోజే పోవచ్చు. నాన్న వైపు చూసింది. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచి, అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నీళ్ళు నేను పెడతా. నువ్వు వెలిగించు."

వెలిగించింది.

"ఏయ్, ఎవరు చెప్పారు?" మేనేజర్ అరిచాడు.

"అరవకూడదయ్యా ప్లాట్‌ఫారం మీద, రూల్ ఉంది" అంది అత్త, అతని బూట్ల పక్కనే ఊడుస్తూ.

రైలు ఆగేసరికి కెటిల్ సిద్ధం. నాన్న ఏడాది తర్వాత కేక వేశాడు. రేకులు అదిరాయి. ఆమె వంపుతోంది. అందించే చేతులు చాలలేదు. పక్కనుంచి ఇంకో రెండు చేతులు వచ్చి కప్పులు పట్టుకుని కిటికీల వెంట పరిగెత్తాయి. వేళ్ళు కాలితే ఊదుకుంటూ, మళ్ళీ వచ్చి పట్టుకుంటూ. రెండు నిమిషాల్లో నలభై ఆరు కప్పులు.

ఆమె ఇంకో పని కూడా చేసింది. స్టేషన్ మాస్టర్ గదిలోంచి ఫిర్యాదుల పుస్తకం అడిగి తెచ్చి బల్ల మీద తెరిచి పెట్టింది. ఆగిన ప్రతి రైలు నుంచీ కనీసం నలుగురు రాశారు. కూలీలు రాశారు. రాయడం రాని అత్త వేలిముద్ర వేసింది. నాలుగు రోజుల్లో పుస్తకం నిండింది. అడగనిదే ఎవరూ ఏదీ ఇవ్వరు. అడిగినా అంతా ఇవ్వరు. స్టాలుకి ఆరు నెలల గడువు దొరికింది. తర్వాత "పరిశీలిస్తారట". పెట్టె అక్కడే ఉంది, నీళ్ళ సీసాలూ బిస్కెట్లూ ఇస్తోంది. మెకానిక్ ఉద్యోగం మాత్రం పోయింది.

ఐదో రోజు అతను వచ్చాడు. వేళ్ళకి కట్లు. ఆమె మొదటి కప్పు అతని ముందు పెట్టింది.

"ఆ రోజు మార్చేసి ఉంటే ఉద్యోగం ఉండేదిగా?"

"ఉండేది."

"మరి?"

"మొదట చేసింది తప్పే. తెలియక చేశా. మళ్ళీ మారిస్తే తెలిసి చేసినట్టవుతుంది. పోయినా ఫర్వాలేదనిపించింది. నువ్వు నావైపు చూడకుండా ఉన్న ఆ ఆరు రోజులూ మాత్రం... అవి ఫర్వాలేదని అనిపించలేదు."

ఆమె గరిట తుడుస్తూ ఉండిపోయింది. నాన్న దగ్గాడు.

"అబ్బాయ్, పని లేదుగా ఇప్పుడు?"

"లేదు బాబాయ్."

"నా మోకాళ్ళు ఇంక పరిగెత్తవు. కిటికీల వెంట ఒక మనిషి కావాలి. ఆరు నెలల పనే. ఆ తర్వాత మళ్ళీ కొట్లాడాలి. నాకేం అభ్యంతరం లేదు, దేనికీ." ఆ 'దేనికీ' అన్న మాట ఆయన కొంచెం గట్టిగా అన్నాడు. "మా అమ్మాయిని అడిగావా?"

"అడుగుదామనే వచ్చా."

అతను ఆమె వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. అవతల గేటు గంట మోగింది.

ఆమె అప్పటికే నీళ్ళు పెట్టేసింది.

"ముందు కప్పులు పేర్చు. రైలు వెళ్ళాక అడుగు."

రైలు వచ్చింది. ఆగింది. ఆవిర్లు, చేతులు, కిటికీలు. కదిలింది. చివరి బోగీ ప్లాట్‌ఫారం దాటేదాకా ఆమె చూసింది. కెటిల్ దించి, తడి చేతులు తుడుచుకుని, కట్లు తడిసిన అతని వేళ్ళని తన చేతుల్లోకి తీసుకుంది.

"ఊఁ," అంది. "ఇప్పుడు అడుగు."