మైకులో చెప్పిన ప్రార్థన

"మళ్ళీ రంగులేనా సార్?"

జెత్రో సలోంగా చేతిలో పెయింట్ డబ్బా ఉంది. వెనక పద్నాలుగు మంది విద్యార్థులున్నారు. ఎదురుగా, కొండ కింద వాగు ఒడ్డు పేటలోని డే కేర్ బడి గుమ్మానికి అడ్డంగా ఒక అమ్మాయి నిలబడి ఉంది. మనీలాకి తూర్పున కొండ మీదున్న క్రిస్టియన్ ఇంటర్నేషనల్ స్కూల్లో సేవా కార్యక్రమాల ఇన్‌ఛార్జ్‌గా అతనికది మొదటి శనివారం.

"అవునండీ. గోడలకి లేత నీలం వేద్దామని..."

"మార్చిలో ఒక స్కూలువాళ్ళు పసుపు వేశారు. ఏప్రిల్లో ఒక చర్చివాళ్ళొచ్చి ఆకుపచ్చ వేశారు. మొన్నెవరో ఇంద్రధనస్సు గీసి, దాని ముందు ఫొటోలు దిగి వెళ్ళారు. మా గోడ చేసుకున్న పాపమేంటో నాకు తెలీదు."

విద్యార్థులు కిసుక్కున నవ్వారు. జెత్రో చెవులు ఎర్రబడ్డాయి.

"మరి మేమేం చెయ్యాలో మీరే చెప్పండి."

"పేలు తియ్యండి. దువ్వెనలు నా దగ్గరున్నాయి."

ఆమె పేరు రోవెనా. వాగు ఒడ్డు ఇళ్ళవాళ్ళంతా వెంగ్ అంటారు. ఆ రోజు రాయబారుల పిల్లలూ పాస్టర్ల పిల్లలూ వరసగా బల్లల మీద కూర్చుని నలభై తలల్లో పేలు తీశారు. జెత్రో వంతుకి ఒక క్షణం కుదురుగా ఉండని ఐదేళ్ళ పిల్ల వచ్చింది. అతను రెండే పేలు తీయగలిగాడు. అవైనా వెంగ్ చూపిస్తేనే దొరికాయి.

"సార్, మీ కళ్ళు ఎక్కడో ఉన్నాయి," అంది వెంగ్.

ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలుసు. సేవ చేయడానికి వచ్చినవాడు గుమ్మంలోనే పడిపోయాడు.

అప్పట్నుంచి, శనివారం చేసే పనుల గురించి మాట్లాడాలనే వంకతో ప్రతి గురువారం కొండ దిగి వచ్చేవాడు. అల్లం వేసి వండిన వేడి గంజి ఒక గిన్నెడు అతనికోసం పక్కన ఉండేది. జూన్ వానలు మొదలయ్యాయి. ఒక గురువారం వాన పట్టుకుని వదల్లేదు. పిల్లలు వెళ్ళిపోయారు. రేకుల మీద చినుకుల మోతకి గొంతు పెంచి మాట్లాడాల్సి వచ్చింది.

"జెట్, నీకు లెక్కలు బాగా వచ్చా?" అని అడిగింది. సార్ అన్న పిలుపు ఎప్పుడో కొట్టుకుపోయింది.

"ఎందుకు?"

ఆమె తలుపు దగ్గరికి వేసి వచ్చి చెప్పింది. తొమ్మిదో తరగతిలో ఉండగా తండ్రి మంచాన పడితే చదువు మానేసింది. డే కేర్ ఉద్యోగానికి దరఖాస్తులో మాత్రం హైస్కూల్ పూర్తయిందని రాసింది. చదువు మధ్యలో మానేసినవాళ్ళకు పెట్టే హైస్కూల్ పరీక్ష దొంగచాటుగా రెండుసార్లు రాసింది. రెండుసార్లూ లెక్కల్లోనే పోయింది. మూడోది ఆగస్టులో ఉంది.

"బయటపడితే ఈ ఉద్యోగం ఉండదు. ఈ పేటకి పెద్ద బరంగాయ్ కెప్టెన్ కదా, ఆయన మేనకోడలు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కూర్చుంది. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి."

"ఒట్టు," అన్నాడు జెత్రో. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాడు.

కాగితం మీద నిష్పత్తి అంటే ఆమె బిగుసుకుపోయేది. అతను కాగితం తీసేసి గంజి కుండ చూపించాడు.

"నలభై మందికి ఐదు డబ్బాల బియ్యం పోస్తున్నావు. అరవై నాలుగు మంది వస్తే?"

"ఎనిమిది. ఇదీ ఒక ప్రశ్నేనా?"

"నువ్విప్పుడు చేసింది నిష్పత్తి లెక్కే."

ఆమె పెన్సిల్ ఆపి అతన్ని అలాగే చూసింది. జెత్రోకి ఆ చూపు నాలుగు రోజుల తిండి. పరీక్ష అయిన మర్నాడే పెళ్ళి మాట ఎత్తాలని నిశ్చయించుకున్నాడు.

పరీక్ష ముందరి బుధవారం స్కూల్లో చాపెల్, అంటే వారం వారం జరిగే ప్రార్థన కూటం, జరుగుతోంది. "ప్రార్థన అవసరాలున్నవాళ్ళు చెప్పండి," అన్నారు ప్రిన్సిపాల్. మైకు చేతులు మారుతూ వస్తోంది. ఇంకెక్కడా పైకి అనకూడని మాటలు ఆ మైకులో అనొచ్చు. ఎవరి నాన్న తాగుతున్నాడో, ఎవరి అక్క ఇల్లు వదిలి వెళ్ళిందో, అన్నీ అక్కడే తెలుస్తాయి. ముందు "ప్రార్థించండి" అని చేరిస్తే చాలు, అది చాడీ కాకుండా పోతుంది. వాళ్ళది దుర్బుద్ధి కాదు. చిన్నప్పటినుంచీ అలవాటు, అంతే. జెత్రోదీ అదే అలవాటు.

రెండు రాత్రులుగా అతనికి నిద్ర లేదు. తన ఒక్కడి ప్రార్థన చాలదేమో అనిపించింది. చెయ్యెత్తాడు.

"మన డే కేర్ టీచర్ వెంగ్ ఆదివారం హైస్కూల్ పరీక్ష రాస్తోంది. మూడోసారి. దయచేసి అందరూ..."

మూడు వందల తలలు భక్తిగా వంగాయి.

శనివారం పన్నెండో తరగతి హారిన్ రంగురంగుల కార్డుల కట్టతో జీప్‌నీ బండి దిగింది. పిల్లల తల్లులంతా బియ్యం ఏరుతూ కూర్చున్నారు. జెత్రో వెనక సీట్లోంచి దిగేసరికే ఆ పిల్ల మొదలుపెట్టేసింది.

"వెంగ్ అక్కా, ఈసారి మీరు తప్పకుండా పాసవుతారు. స్కూలంతా మీకోసం ప్రార్థన చేశాం."

నెనింగ్ అనే తల్లి చేట కింద పెట్టింది. "ఏం పరీక్షమ్మా?"

"హైస్కూల్ పరీక్షండీ," అంది హారిన్ ముద్దుగా.

"అదేంటి వెంగ్, నువ్వు హైస్కూలే గట్టెక్కలేదా? మరి ఇన్నాళ్ళూ మా పిల్లలకి చెప్పిందేంటి?"

వెంగ్ జెత్రో వైపు చూసింది. తర్వాత కార్డులు ఒక్కొక్కటే అందుకుంది. వచ్చిన పిల్లలందరికీ థాంక్స్ చెప్పింది. అతను దగ్గరికి రాబోతే లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఆదివారం పరీక్ష రాసింది. మంగళవారం ఉద్యోగం పోయింది. గురువారం జెత్రో వెళ్ళేసరికి కెప్టెన్ మేనకోడలు పిల్లల చేత అక్షరాలు పలికిస్తోంది.

నవంబర్లో ఫలితాలొచ్చాయి. వెంగ్ బట్టల సంతలో పని చేస్తోందని నెనింగ్ చెప్పింది. శనివారం పని ముగిశాక జెత్రో విద్యార్థుల్ని రోడ్డు మీద జీప్‌నీలోనే ఉండమని చెప్పి సంతలోకి నడిచాడు. వెంగ్ టీషర్టుల గుట్ట పక్కన స్టూలు వేసుకుని వేలాడే దారాలు కత్తిరిస్తోంది.

"పాసయ్యావట."

"అన్నిటికంటే లెక్కల్లోనే ఎక్కువొచ్చాయి." కత్తెర ఆగలేదు. "సర్టిఫికెట్ ఇంట్లో ఉంది. ఏం చేసుకోవాలో తెలీక బీరువాలో పెట్టాను."

"నేను చెడు తలపెట్టలేదు, వెంగ్."

"తెలుసు. అక్కడే నా ఖర్మ. చెడు తలపెట్టి ఉంటే నాలుగు తిట్టి మర్చిపోయేదాన్ని."

"నువ్వంటే ప్రాణం నాకు. ఆ రోజు మైకు పట్టుకున్నదీ అందుకే."

"నీ దేవుడికి చెవుడా జెట్? మైకులో చెప్తే గానీ వినపడదా?"

ఆమె చేతిలో చొక్కా మడిచి పక్కన పెట్టి, ఇంకోటి తీసుకుంది.

"నాకూ నువ్వంటే ప్రేమే," అంది తల ఎత్తకుండా. "గురువారం వస్తే పొద్దున్నించే చేతులు ఆడేవి కావు. గంజిలో ఉప్పు రెండుసార్లు వేసేదాన్ని. మా అమ్మకు కూడా చెప్పకుండా రాసిన పరీక్షల సంగతి నీకు చెప్పాను. ఇంకెప్పుడైనా నీకు ఏదైనా చెప్పాలంటే, ఇది ఎంతమంది వింటారోనని ముందు లెక్క కట్టుకోవాలి. మొగుడి దగ్గర కూడా అలా బతకాలంటే నావల్ల కాదు."

"మారతాను."

"మారతావు. నిన్ను చేసుకునేదాని అదృష్టం." దారం తెంపింది. "పిల్లలు ఎదురుచూస్తుంటారు, వెళ్ళు. హారిన్‌ని ఏమీ అనకు. ఆ పిల్ల తప్పేం లేదు."

అతను జీప్‌నీ ఎక్కేసరికి హారిన్ కళ్ళు తుడుచుకుంటోంది. బండి కదిలింది.

"అక్క ఏమన్నారు సార్?" అని అడిగింది. "బుధవారం మళ్ళీ ప్రార్థన పెడదామా?"

"ఏమీ అనలేదమ్మా," అన్నాడు జెత్రో.

వెంగ్ తనను ప్రేమించిందన్న సంగతి అతను నేటివరకు ఎవరికీ చెప్పలేదు. ఆమె చెప్పినవాటిలో అతను దాచగలిగింది అదొక్కటే.