ముళ్ళచెట్టుకు కట్టిన పసుపు తాడు

సాయంత్రం నాలుగుంపావు!

మన దగ్గరైతే పిల్లలు బడి నుంచి వచ్చి పాలలో బిస్కెట్లు ముంచుకునే వేళ. కానీ ఐర్లండులో, డిసెంబరు నెలలో, అది సూర్యుడు ప్రాణం వదిలే వేళ... నాక్‌డువ్ కొండ మీదికి ఆకాశం సీసపు మూతలా దిగింది. దూరాన ఒక ఉరుము... ఒక్కటంటే ఒక్కటే! మూలిగి ఊరుకుంది. అడవి అంచున తెల్ల గుడ్లగూబ రెక్క చప్పుడు లేకుండా ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి మారింది. కనుచూపు మేర ఎండుగడ్డి బీడు, గడ్డి కింద నల్లటి ఊబి. దాని నడుమ సన్నటి సైకిల్ బాట. ఆ బాట మీద పసుపుపచ్చ సైకిల్ తొక్కుతూ, ఒంటరిగా, మైథిలి పైకి వెళుతోంది.

కాదు... ఆమె వెళ్ళడం లేదు. ఆమె కాళ్ళు వెళుతున్నాయి!

"ఆగండే... మీకు దణ్ణం పెడతాను, ఆగండి!" అని తన కాళ్ళనే బతిమాలింది. అరికాళ్ళు పెడళ్ళకు మేకులు కొట్టినట్టు అతుక్కుపోయి ఉన్నాయి. బ్రేకులు రెండూ నొక్కింది. పిడులు పాలపళ్ళలా వదులుగా ఊగాయి. పక్కకు ఒరిగి పడిపోదామని చూసింది. సైకిల్ పడలేదు!

నాలుగు నెలల క్రితం, పెళ్ళయి బాలింకాలిగ్‌లో కాపురానికి దిగినప్పుడు, ఈ మైథిలిని చూసి తీరాలి. అద్దె ఫ్లాటులో ప్రతిదీ ఆమెకు పండగే. వంటింటి అలమరాను ఇక్కడివాళ్ళు 'ప్రెస్' అంటారని తెలిసి రెండు రోజులు నవ్వింది. కుక్కర్ మూడో కూతకు పక్కింటి కుక్క జవాబిస్తుందని కనిపెట్టి, భర్త శ్రీహర్షకు ఆఫీసులో ఫోన్ చేసి మరీ వినిపించింది. హర్ష పెళ్ళికానుకగా సెకండ్ హ్యాండ్‌లో కొన్న పసుపుపచ్చ మౌంటెన్ బైక్‌కు కుంకుమబొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించింది. ఆదివారాలు నాక్‌డువ్ అడవిలో తేలికైన పచ్చగుర్తు బాట ఆమెది. వేర్ల మీద గెంతుతూ, మోకాళ్ళ దాకా బురద చిమ్ముకుంటూ, వాలులో "అమ్మో అమ్మో అమ్మో!" అని ఒకటే అరుపులు, వెంటనే నవ్వులు. పైన బీడు మీది నల్లగుర్తు బాట మాత్రం మొండివాళ్ళది.

ఆదివారం వెలుగంతా ఒక ఎత్తు. మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగు ఒక ఎత్తు. బయట చీకటి. హర్ష వచ్చేది ఏడింటికి. ఇండియాలో రాత్రి తొమ్మిదిన్నర దాటి, అందరూ పడకలు ఎక్కేసి ఉంటారు. ఆ మూడు గంటలూ ఫ్రిజ్ మోత తప్ప ఆమెతో మాట్లాడేది ఏదీ ఉండేది కాదు. ఈ సంగతి హర్షకు చెప్పలేదు... చెబితే బాధపడతాడని.

నవంబరులో అత్తగారు సావిత్రమ్మ పంపిన బంగారు గొలుసు వచ్చింది. హర్ష పుస్తెలు అందులోకి మార్చి ఆమె మెడలో వేశాడు. "పాత పసుపు తాడు ఎక్కడబడితే అక్కడ పడెయ్యకమ్మా," అని వీడియో కాల్‌లో అత్తగారు హెచ్చరించింది. "పారే నీళ్ళలో వెయ్యి, లేదా పచ్చటి చెట్టుకు కట్టు. ఎవరి కాలూ తగలకూడదు."

ఆ ఆదివారం బీడు అంచున మైథిలికి ఒక ముళ్ళచెట్టు కనిపించింది. కొమ్మ కొమ్మకూ గుడ్డపేలికలు, రిబ్బన్లు... మన మొక్కుల చెట్టులాగే ఉందే అని సంబరపడిపోయి, తాడు కట్టేసింది.

కిందికొచ్చి చెబితే, పార్కింగ్ దగ్గర కాఫీ వ్యాన్ నడిపే ముసలి అబిగేయిల్ చేస్తున్న పని ఆపి చూసింది. "తాడు కట్టడం గ్రాండ్... మంచిదే, లవ్. నొప్పి ఏదైనా చెప్పుకున్నావా దానికి? అందుకే కడతారు. మా అమ్మమ్మ పంటినొప్పి ఇంకా అక్కడే వేలాడుతోంది." ఆమె గొంతు తగ్గించింది. "కానీ విప్పకు. నీది కూడా విప్పకు. ముడి విప్పినవాడికి ఆ నొప్పి అంటుకుంటుంది."

మైథిలి మళ్ళీ పైకెళ్ళి, తాడును వేలితో తాకి, గుసగుసగా చెప్పింది. "నాలుగింటికి ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేకపోతున్నా... ఇది నువ్వుంచుకో."

అంతటితో ఊరుకుంటే సరిపోయేది. డిక్కీలో పులిహోర గిన్నె చుట్టూ ఆదివారం సైకిళ్ళ తెలుగువాళ్ళంతా చేరినప్పుడు, ఆ ముచ్చటంతా పురుషోత్తం అంకుల్‌కు చెప్పింది!

పక్క ఊరి నుంచి ప్రతి ఆదివారం వచ్చే అరవయ్యేళ్ళ మనిషి. అందరి సైకిళ్ళకూ డాక్టరు. భార్య అనురాధ ఆంటీ జబ్బుతో పోయి మూడేళ్ళు.

"పసుపు తాడు... ఆ చెట్టుకే కట్టావా తల్లీ?" అంత చలిలోనూ అతని నుదుట చెమట పట్టింది. "మంచి పని చేశావు. చాలా మంచి పని!"

హా...! ఆ మెత్తటి గొంతు వెనక మూడేళ్ళుగా ఏ క్షుద్రోపాసన కాగుతోందో ఆ అమాయకురాలికేం తెలుసు? చనిపోయిన ఇల్లాలిని పరదేహంలోకి రప్పించడానికి అతనికి కావలసింది ఒక కొత్త పెళ్ళికూతురి పసుపు తాడు! ఆ సాయంత్రమే చెట్టు దగ్గరికి వెళ్ళాడు. చలికి కొంకర్లుపోయిన వేళ్ళకు ముడి లొంగలేదు. తాడుతో మరో నాలుగు పేలికలు పెనవేసుకుని ఉన్నాయి. మొత్తం కొమ్మనే నరికి పట్టుకుపోయాడు.

ఆ మర్నాటి నుంచి, నాలుగుంపావు అయ్యేసరికి మైథిలి మడమలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. కుర్చీ కింద, దుప్పటి కింద... గాలిలో పెడళ్ళు తొక్కుతున్నట్టు! ఊళ్ళో డాక్టరు చూసి ఐరన్ మాత్రలు రాసింది.

"ఒలింపిక్స్‌కి ప్రాక్టీసా మైథూ?" అని హర్ష ఆటపట్టించాడు. ఆమె తలెత్తింది. తనది కాని గొంతుతో, "మీరు అన్నం తిన్నారా?" అంది. హర్ష నవ్వు ఆగిపోయింది. ఆమె అతన్ని ఎన్నడూ మీరు అనలేదు!

పోయిన ఆదివారం "బ్రేకులు బిగిస్తాలే తల్లీ" అంటూ అంకుల్ ఆమె సైకిల్ తీసుకుని, కాసేపటికి తిరిగిచ్చాడు. ఈ రోజు, బుధవారం, మధ్యాహ్నం మూడింటికి ఆమె కాళ్ళు ఆమెను ఇంట్లోంచి లేపాయి!

హ్యాండిల్‌కు బిగించిన ఫోన్ మోగింది.

"మైథూ! నీ లొకేషన్ నాక్‌డువ్ చూపిస్తోందేంటి? ఎవరితో వెళ్ళావు?"

"నేను రాలేదు హర్షా! నన్ను తెచ్చారు... బ్రేకులు లేవు! త్వరగా రా!"

"కార్లోనే ఉన్నా. వచ్చేస్తున్నా! కట్ చెయ్యకు, మాట్లాడుతూనే..."

సిగ్నల్ పోయింది. దేవదారు అడవి ఎప్పుడో దాటిపోయింది. చుట్టూ బీడు... దిక్కు తెలియని బీడు! గాలి తప్ప మనిషి అలికిడి లేదు. పచ్చగుర్తు కొయ్యలు వెనకబడ్డాయి. సైకిల్ నల్లబాట ఎక్కింది.

బాట చివర పైకప్పు లేని పాత రాతిగుడిసె. లోపల ఎర్రటి మంట! పసుపు కుంకుమలతో గీసిన ముగ్గు. దాని నడిబొడ్డున ఒక మానవ కపాలం... వందలేళ్ళు బీడు బురదలో నాని, టీ డికాక్షన్ రంగుకు తిరిగిన కపాలం! దాని ముందు, సైకిల్ జాకెట్ మీద ఎర్రశాలువా కప్పుకుని పురుషోత్తం!

సైకిల్ ముగ్గు అంచున ఆగింది.

"అంకుల్... నన్ను వదిలెయ్యండి! నేను మీకేం చేశాను?"

"ఏమీ చెయ్యలేదమ్మా. నీకు నొప్పి ఉండదు." అతని కళ్ళు నిప్పుకణికలయ్యాయి. "రా అనూ! ఈ దేహం నీది! రా... రా...!"

మంట నీలంగా మారింది. మెడ వెనక మంచుముక్క పెట్టినట్టయింది మైథిలికి. ఎవరో ఆమె వెన్నెముక మెట్టు మెట్టుగా ఎక్కుతున్నారు. ఒక్కో మెట్టుకూ ఆమెలోంచి ఒక్కోటి జారిపోతోంది... ప్రెస్ అనే మాట ఎందుకు నవ్వు తెప్పించిందో గుర్తురాలేదు. కుక్కర్ కూతకు ఏ జంతువు జవాబిచ్చేది? తన సైకిల్ రంగేమిటి? ఆఖరికి హర్ష ముఖం కూడా తడిసిన ఫొటోలా అలుక్కుపోతోంది! "హర్షా!" అని కేక పెట్టింది. ఆ పేరు ఎవరిదో ఆ మరుక్షణం తెలియలేదు.

ఇక తాడు కపాలానికి కట్టడమే మిగిలింది. పురుషోత్తం కొమ్మను ఒళ్ళోకి తీసుకుని, అడ్డంగా ఉన్న పేలికలు విప్పసాగాడు.

ఎర్ర ఉన్ని ముక్క ఊడింది. అతనికి ఒక దగ్గు వచ్చింది. ఆగలేదు... పేగులు నోట్లోకి వచ్చేంత దగ్గు!

నీలం చొక్కా ముక్క ఊడింది. మోకాలు ఫటేలుమంది.

చంటిపిల్ల తెల్ల మేజోడు ఊడింది. కళ్ళ ముందు మంట ఆరిపోయింది. మంట మండుతూనే ఉంది... ఆరినది అతని చూపు!

అయినా వేళ్ళు ఆగలేదు. నాలుగో పేలిక ఆకుపచ్చ జరీ అంచు. దాన్ని పట్టుకోగానే మైథిలి నోటివెంట ఆ మరో గొంతు వచ్చింది. "అది విప్పకండి. అది నాది."

"అనూ! వచ్చావా...! నీదేమిటి?"

"నా జబ్బు. మీరు నల్లబాటలో ముందుకు దూసుకుపోయిన రోజుల్లో కట్టాను. మీకు చెబుదామంటే, ఒక్కసారైనా వెనక్కి చూస్తేగా! పోయాక కూడా పిలుస్తారేం? ఈ పిల్లను ఇంటికి పంపించండి."

"నోర్ముయ్! నిన్ను తీసుకెళ్ళే తీరతాను!" అని గుడ్డివాడు ముడిని పళ్ళతో లాగాడు.

విడింది. కడుపు పట్టుకుని రెండుగా ముడుచుకుపోయాడు. ఆ విసురుకు చివరి ముడి కూడా జారింది... పసుపు తాడు అతని అరచేతిలో పడింది!

మైథిలి కాళ్ళు పెడళ్ళ నుంచి ఊడి వచ్చాయి. వెన్నులోని చలి నిట్టూర్చి దిగిపోయింది.

పురుషోత్తం తల ఎత్తాడు. ఆ ముఖంలో నొప్పి లేదు... అంతకంటే ఘోరమైనది ఉంది. నాలుగింటి చీకటి! ఫ్రిజ్ మోత తప్ప ఏదీ పలకని ఇల్లు!

"అనూ...? ఎవరైనా ఉన్నారా?" అని లేచాడు. "అమ్మాయ్! ఒక్క మాట మాట్లాడండమ్మా ఎవరైనా!"

"అంకుల్, ఇక్కడే ఉన్నా! అటు ఊబి! ఆగండి!" మైథిలి గొంతు చించుకుంది. రెండు బారల దూరం. అతనికి వినపడలేదు. మనిషి గొంతు ఏదీ ఇక అతనికి వినపడదు! కపాలాన్ని గుండెకు హత్తుకుని, పిలుస్తూ, పిలుస్తూ, బీడులోకి నడిచాడు. నల్లటి బురద మోకాళ్ళు పట్టింది... నడుము పట్టింది... "ఎవరైనా..." అన్న మాట సగంలో మూసుకుపోయింది. పైన గుడ్లగూబ ఒక్కసారి అరిచింది.

హర్ష బురదలో పడుతూ లేస్తూ వచ్చేసరికి, ఆమె మంట పక్కన కూర్చుని ఒకటే జపిస్తోంది. "కుక్క. కుక్కర్ కూస్తే కుక్క. పక్కింటి కుక్క."

గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, మూడు రోజులు వెతికారు. ఒక హెల్మెట్ దొరికింది, అంతే.

ఆ రాత్రే మైథిలి తన నాలుగింటి సంగతి హర్షకు చెప్పింది. ఇప్పుడు రోజూ ఆ వేళకు అతను ఆఫీసు నుంచి ఫోన్ చేస్తాడు, కుక్క గొంతు వినడానికి.

ఆదివారాలు మళ్ళీ వెళుతున్నారు. పచ్చబాట మొదట్లో హర్ష ఆగి, చేత్తో దారి చూపిస్తాడు. "నువ్వు ముందు పో మైథూ. నేను వెనకే ఉంటా."

వాలులో ఆమె మళ్ళీ "అమ్మో అమ్మో" అని అరుస్తుంది. కానీ ముళ్ళచెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ మాటలు ఆపేస్తారు. నాలుగుంపావు వేళ, గాలి పడిపోయినప్పుడు, నల్లబాట మీంచి ఒక సైకిల్ బెల్ మోగుతుంది. మైథిలి ప్రతిసారీ ఆగి, తన బెల్ ఒకసారి మోగిస్తుంది.

కాసేపటికి అవతలి బెల్ మళ్ళీ మోగుతుంది... ఎవరూ జవాబు ఇవ్వనట్టుగా!