తొంభై దాటని కారు

ఉదయం పదికి పావుగంట తక్కువ. బేస్‌మెంట్‌లోని ఆపరేషన్స్ రూమ్‌లో చీఫ్ మ్యాపు మీద వేలు పెట్టాడు. మూడు వందల అరవై కిలోమీటర్ల దూరంలో ఓడరేవు. మధ్యాహ్నం రెండూ పదికి అక్కణ్ణుంచి ఫెర్రీ బయల్దేరుతుంది. అందులో ఒక అంబులెన్స్. అంబులెన్స్‌లో, శత్రుముఠా మత్తిచ్చి ఎత్తుకెళ్తున్న కోడ్‌రూమ్ అక్కయ్య.

డిపార్ట్‌మెంట్ అంతా ఆమెని అక్కయ్య అనే పిలుస్తుంది. విదేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న నూట నలభై మంది ఏజెంట్ల అసలు పేర్లు ఏ కాగితం మీదా లేవు. ఆమె బుర్రలోనే ఉన్నాయి. ఫెర్రీ దాటితే ఆ నూట నలభై మందికీ నూకలు చెల్లినట్టే. ఓడరేవు పోలీసుల్లో శత్రుముఠా మనుషులున్నారు, వాళ్లకి చెప్పే వీల్లేదు.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ ఒకప్పుడు పదేళ్లు టాక్సీ నడిపాడు. అందుకే అతన్ని మీటర్ అంటారు. ఈసారి వేషం ఓడరేవు డాక్టరు.

"నూట ముప్పైలో కొట్టు," అన్నాడు చీఫ్. "సగం దారిలో కారు బ్యాటరీకి ఫాస్ట్ ఛార్జర్ ఉంది. ఇరవై నిమిషాలు చాలు."

ఆ ప్లాన్ మందారానిది. ముఠాలోకి మన తరఫున దూరిన అందగత్తె ఆమె. ఛార్జర్ సిద్ధంగా ఉంచుతానని గంట ముందే ఎర్ర కారులో వెళ్లింది.

సరిగ్గా పదింటికి గేటు దాటుతూ మీటర్ పాత అలవాటు కొద్దీ ఆ ఛార్జింగ్ స్టేషన్ కాపలాదారుకి ఫోన్ చేశాడు. నిన్న సాయంత్రం ఎర్ర కారులో ఒకావిడ వచ్చి, ప్రభుత్వ కార్డు చూపించి ఫాస్ట్ ఛార్జర్ మూయించేసిందని అతను చెప్పాడు. మిగిలింది స్లో మిషను. దాంతో రెండున్నర గంటలు పడుతుందట.

అంటే మందారం శత్రువుల మనిషే. రేడియోలో చెబితే మందారమూ వింటుంది. బేస్‌మెంట్‌లో ఫోన్లు పనిచేయవు. వెనక్కి వెళ్లి చెబితే పది నిమిషాలు పోతాయి. నూట ముప్పైలో వెళ్తే బ్యాటరీ రెండు వందల యాభై కిలోమీటర్లకే చేతులెత్తేస్తుంది. తొంభైలో వెళ్తే ఎక్కడా ఆగకుండా నాలుగు గంటల్లో చేరొచ్చు. చేతిలో మిగిలేది ఆ పది నిమిషాలే.

అరగంటకే చెవిలో చీఫ్ గొంతు మోగింది. "తొంభై ఏంటి? షికారుకి వెళ్తున్నావా?"

"తొంభై దాటనండి."

"ఇది ఆర్డర్."

"వినబడింది సార్. దాటను."

ఉద్యోగం ఊడుతుందని చీఫ్ బెదిరించాడు. మీటర్ ఏసీ కట్టేశాడు. చెమటకి తెల్లకోటు వీపుకి అంటుకుంది. లారీలు కూడా హారన్ కొట్టి మరీ దాటిపోతున్నాయి. కాలు యాక్సిలరేటర్ తొక్కమని లాగుతోంది. పోయినేడాది పరాయి దేశంలో పట్టుబడబోతుంటే, ఇరవై నిమిషాల్లో కొత్త పేరు, కొత్త పాస్‌పోర్టు పుట్టించి అతన్ని బయటపడేసింది అక్కయ్యే. కాలు బిగబట్టాడు.

పన్నెండింటికి స్టేషన్ వచ్చింది. ఎర్ర కారు, దాని పక్కన మందారం, ఇద్దరు మనుషులు. తల తిప్పకుండా సాగిపోయాడు.

రెండు నిమిషాల్లో ఎర్ర కారు అద్దంలో కనబడింది. తుపాకీ పేలింది. వెనకద్దం జలజలా రాలింది. మీటర్ రెండు పొడుగాటి లారీల మధ్య దూరాడు. మందారం ముందుకి దూకడం, బ్రేకు కొట్టడం, మళ్లీ దూకడం. వచ్చేటప్పుడే నూట అరవైలో వచ్చిన కారది, మీటర్ ఆగుతాడన్న ధీమాతో స్లో మిషనుకి ఆఖర్న తగిలిస్తే తాగింది గుక్కెడు. ముప్పై కిలోమీటర్లకే నీరసించి రోడ్డు పక్కన ఆగిపోయింది. ఆమె మూయించిన ఛార్జర్ ఆమెకీ అందలేదు.

లారీల మధ్య ఎనిమిది నిమిషాలు పోయాయి. ఓడరేవు చేరేసరికి రెండూ ఎనిమిది. బ్యాటరీ నాలుగు శాతం. అంబులెన్స్‌లో అంటువ్యాధి కేసుందని అరిస్తే, తెల్లకోటు చూసి గేటు తీశారు. ఫెర్రీ ర్యాంపు లేవబోతోంది. కారుని దాని మీదకెక్కించి అడ్డంగా ఆపి, లాక్ చేసి, కీ సముద్రంలోకి విసిరేశాడు.

రెండు టన్నుల బరువుతో ర్యాంపు మూలిగి ఆగింది. ప్రయాణికులంతా రెయిలింగ్ దగ్గర గుమిగూడారు. అంతమంది కళ్లెదుట తుపాకీ తీసే ధైర్యం లేక ముఠా మనుషులు అంబులెన్స్ వదిలేసి జారుకున్నారు.

మీటర్ రేడియోలో అప్పుడు చెప్పాడు అంతా. మందారం కోసం మనుషుల్ని పంపుతున్నానని మాత్రం చీఫ్ అన్నాడు.

సాయంత్రానికి అక్కయ్య కళ్లు తెరిచింది. "ఇంటికెలా వెళ్దాం తమ్ముడూ?"

"బస్సులో, అక్కయ్యా. డ్రైవరు ఎంత స్పీడులో పోయినా నేను నోరెత్తను."