బ్రిడ్జి కింద పడని గేరు

రైలు బ్రిడ్జి కింద దారి పేరెత్తితే చాలు, డ్రైవర్లు మొహం చిట్లిస్తారు. దెయ్యం సంగతి తర్వాత... ముందు ఆ కంపు! ఊళ్లో మురుగంతా అక్కడికే చేరుతుంది, ఎత్తించే నాథుడు లేడు. ఎప్పుడో పెద్దవానకి కారు తలుపులు తెరుచుకోక ఒకావిడ అక్కడే పోయిందట. అప్పట్నుంచి, చీకటిపడ్డాక అక్కడ ఆగిన బండి ఇక కదలదని చెప్పుకుంటారు.

కళ్లజోళ్ల షాపాయన ఇలాంటివి నమ్మే రకం కాదు. నమ్మినా ఆ రాత్రి అటే వెళ్లాలి. కూతురు కొత్తగా చేరిన ఫ్యాక్టరీ బ్రిడ్జికి అవతల ఉంది. షిఫ్టు అయిపోయింది, కంపెనీ బస్సు రాలేదు.

"నాన్నా, గేటు మూసేశారు. ఎవరో ఇద్దరు ఇక్కడిక్కడే తిరుగుతున్నారు..." అంది ఫోన్లో, గొంతు బాగా తగ్గించి.

బ్రిడ్జి కింద మురుగు పొంగి ఉంది. ఎంత లోతుందో చూద్దామని గేరు పార్కింగులో పెట్టి దిగాడు. చీలమండ దాకా నల్లటి బురద... చెప్పులోకి జారింది, అదీ గోరువెచ్చగా! ఛీ ఛీ ఛీ! వెళ్లొచ్చులే అనుకుని, కాలు విదిలించుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

బ్రేకు నొక్కి గేరు లాగాడు. రాలేదు.

ఇంజను ఆపి, మళ్లీ వేసి, ఇంకోసారి లాగాడు. ఆటోమేటిక్ బండి అని మురిసి కొనుక్కున్నాడు, ఇప్పుడు ఇంచు కదిలితే ఒట్టు.

అంతలో కాలి మీద నుంచి ఏదో పాకింది — తడిగా, వెంట్రుకలతో...

కాళ్లు రెండూ సీటు మీదకి లాక్కున్నాడు. మెకానిక్ బావమరిదికి ఫోన్ చేశాడు.

"కంగారుపడకు బావా. గేరు రాడ్డు పక్కనే చిన్న మూత ఉంటుంది. అది పీకి, కింద కన్నంలో నీ కళ్లజోళ్ల స్క్రూడ్రైవరు గుచ్చి నొక్కిపట్టు. అప్పుడు లాగు."

చీకట్లో తడిమాడు. వేళ్లకి జిగురు, చీమలు. ఏదో కన్నం దొరికింది. జేబులోని స్క్రూడ్రైవరు గుచ్చాడు, నొక్కాడు, లాగాడు. ఊహూఁ.

మళ్లీ ఫోను. "నాన్నా... దగ్గరికి వస్తున్నారు..." కట్ అయిపోయింది.

ఇక సిగ్గేమిటి! ఆ పెద్దమనిషి గేరు రాడ్డు రెండు చేతులా పట్టుకుని భోరుమన్నాడు.

"అమ్మా తల్లీ... నా పిల్ల ఒక్కతే ఉంది. వదిలిపెట్టమ్మా!"

చేతుల మీద చల్లగా, జిడ్డుగా ఏదో ఆనింది. మురుగు కంపు గుప్పుమంది. డోకొచ్చింది...

టక్కున గేరు పడింది.

పిల్ల దక్కింది. ఆ ఇద్దరూ గేటు దాకా వచ్చారట గానీ, కారు లైట్లు పడగానే జారుకున్నారు.

పొద్దున్నే బావమరిది వచ్చి బ్రేకు కింద తల దూర్చి, తోక పట్టుకుని ఒకదాన్ని బయటికి లాగాడు. ఎలుక! మురుగు ఓడుతోంది, ఛీ!

"బ్రేకు వైరు కొరికేసింది బావా. బ్రేకు నొక్కినట్టు బండికి తెలియకపోతే గేరు వదలదు. ఇదే నీ దెయ్యం!"

షాపాయనా నవ్వేశాడు. "కాస్త ఆలస్యంగా పనిచేసినా, నువ్వు చెప్పిన కన్నం వల్లే బతికిపోయాన్రా."

బావమరిది టార్చి వేసి గేరు పక్కకి వంగాడు. నవ్వు ఆగిపోయింది.

"బావా... నువ్వు గుచ్చింది చిల్లర వేసుకునే గూట్లో. మూత ఇదిగో, ఇటుంది."

దాని మీద ఎప్పుడో ఒలికిన జ్యూసు నల్లగా గడ్డకట్టుకుపోయింది. గోటితో గీకాడు. మూత ఊడలేదు. బ్రేకు తొక్కి గేరు లాగాడు. అదీ రాలేదు.

"ఇది తియ్యకుండా గేరు రానే రాదు. రాత్రి ఎవరు లాగారు బావా?"

షాపాయన తన చేతులకేసి చూసుకున్నాడు. పిల్లని దక్కించిన ఆ తల్లికి దండం పెట్టాలో... ఒంటిమీద ఆనిన ఆ జిడ్డు తలుచుకుని కక్కుకోవాలో ఆయనకి తెలియలేదు.