మెదడు వెలగని ఫోటో

చీఫ్ బల్లమీద ఒక స్కాన్ ఫోటో కాపీ పడేశాడు. నల్లటి మనిషి ఆకారం. ఊపిరితిత్తుల్లో, కాలేయంలో నిప్పుకణికల్లాంటి చుక్కలు.

"ఈ ఉదయం తీసింది. ఒళ్లంతా కేన్సరట. వైద్యం పేరుతో మధ్యాహ్నం దేశం దాటిస్తున్నారు. మన రహస్య కోడ్‌లన్నీ ఈయన బుర్రలో ఉన్నాయి."

డిపార్ట్‌మెంట్‌లో అందరూ ముంగిస అని పిలిచే ఏజెంట్, ఫోటో మీది పేరు చూసి పళ్లు కొరికాడు.

"మా బావ సార్. అక్క పొద్దుట్నుంచీ ఫోన్లో ఏడుస్తోంది."

"తెలుసు. ఇది విను."

టేప్‌లో విదేశీ ముఠా గొంతు: "తీపి పనిచేసింది. పార్సెల్ మధ్యాహ్నం ఎగురుతుంది."

డిపార్ట్‌మెంట్ డాక్టరమ్మ ఫోటో అందుకుంది. "స్కాన్‌కి ముందు రేడియోధార్మికత కలిపిన చక్కెర ఎక్కిస్తారు. గడ్డలోని కణాలకి ఆకలెక్కువ. ఆ చక్కెరని లాక్కుని లోపలే అట్టిపెట్టుకుంటాయి. పోగుపడినచోట ఇలా వెలుగుతుంది. అయితే మెదడూ తిండిపోతే. జబ్బు లేకపోయినా వెలగాలి. ఈ తల చూడండి, కటిక చీకటి."

"అంటే దొంగ ఫోటోనా?"

"అనుమానమే. అసలు సూది వేశారో లేదో దీంతో తేలుతుంది." పెన్నులాంటి మీటర్ చేతికిచ్చింది. "వేసుంటే ఇప్పటికీ ఆయన పక్కకి తేగానే కూస్తుంది."

"స్కాన్ తీసిందెవరు?"

చీఫ్ కిటికీవైపు తిరిగాడు. "నెమలి."

ముఠా గుట్టు లాగమని డిపార్ట్‌మెంటే లోపలికి పంపిన మనిషి, ఇప్పుడు ముఠాకే అమ్ముడుపోయింది. అందగత్తె, పేరున్న స్కాన్ డాక్టర్. ముంగిసకి ఒళ్లు మండిపోయింది. తుపాకీతో బెదిరించినా ఇంత కోపం వచ్చేది కాదు. చావు భయం పెట్టి, ఇంటిల్లిపాదినీ ఏడిపించి, మనిషిని తనంతట తానే విమానం ఎక్కేలా చేస్తారా?

ఎయిర్‌పోర్టులో ఎయిర్ అంబులెన్స్ ఇంజన్ అప్పటికే మోగుతోంది. అటెండర్ యూనిఫాంలో ముంగిస స్ట్రెచర్ పక్కకి చేరాడు. బావ కళ్లు మూసుకుని ఉన్నాడు. మెట్ల దగ్గర నల్ల కళ్లద్దాలతో నెమలి.

"త్వరగా ఎక్కించండి."

ముంగిస బావ ఛాతీ మీద మీటర్ పెట్టాడు. చడీచప్పుడూ లేదు. నెమలి కోటు చేతి దగ్గర పెట్టాడు. కీచుమని కూసింది.

"మిగతా రోగులకి అసలైన చక్కెరే ఎక్కించావు. నీ కోటుకీ అంటింది. మా బావకి మాత్రం ఉత్త ఉప్పునీళ్లు."

ఆమె చెయ్యి కోటు జేబులోకి పోయింది. మణికట్టు ఒడిసిపట్టి మెలితిప్పాడు. పిస్టల్ కింద పడింది. ముంగిస వెంట వచ్చిన గార్డులు పైలట్‌ని బయటికి ఈడ్చారు.

"ఎలా కనిపెట్టావు?" అంది పళ్ల బిగువున.

"బొమ్మ గీసినవాడు డాక్టర్ కాదు, మెదడు వెలిగించడం మరిచాడు. డాక్టర్‌వి నువ్వు. దాన్ని ఒక్కసారైనా సరిగ్గా చూశావా? మా అక్క మాత్రం పొద్దుట్నుంచీ దాన్నే చూస్తూ కూర్చుంది."

సంకెళ్లు తనే వేశాడు, కావలసినదానికంటే బిగించి.

బావ స్ట్రెచర్ మీద లేచి కూర్చున్నాడు. "ఒరేయ్, అయితే నాకేం లేదా?"

"గుండ్రాయిలా ఉన్నావు బావా."

బావ మొహం పాలిపోయింది. "ఎలాగూ పోతున్నానని పొద్దున మా డైరెక్టర్‌కి ఫోన్ చేసి, ఇరవయ్యేళ్ల కసీ తీరేలా తిట్టానురా."

"రేపు డ్యూటీకి నేను దిగబెడతాలే," అన్నాడు ముంగిస. "లోపలికి మాత్రం నువ్వొక్కడివే వెళ్లాలి."