నూకరత్నం వేలిగోరు

ఏడో పడక గొట్టం మార్చి, తెర మీద ‘సరే’ నొక్కి, సలోమి ఎనిమిదో పడక దగ్గరికొచ్చింది. మధ్యాహ్నం రెండు దాటింది. ప్రాణాపాయంలో ఉన్న రోగుల ఈ విభాగంలో పన్నెండు పడకలకీ మందు, ద్రవం, శ్వాస అన్నీ సంధాత అనే కంప్యూటరే నిర్ణయిస్తుంది. నర్సు చేయాల్సింది రోగిని పక్కకి తిప్పడం, ‘సరే’ నొక్కడం. పదకొండేళ్లుగా ఇక్కడ ఎవరూ కాదనలేదు.

ఎనిమిదిలో ఉన్నది నూకరత్నం. రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంటే ముల్లు గుచ్చుకుంది. గాయం చీముపట్టి, మూడు రోజుల్లో ఆ విషం రక్తమంతా పాకింది. నిన్నటి నుంచి స్పృహ లేదు. భర్త సింహాద్రి అద్దం అవతల నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోడు.

“సిస్టరమ్మా, మొకం చూడండి. ఉబ్బిపోనాది. పొద్దున్న ఇలా నేదు.”

“సెలైన్ ఎక్కుతోంది కదా బాబాయ్. బీపీ నిలబడాలి.”

అలవాటుగా అనేసింది గానీ, ఆ మాట తనకే నచ్చలేదు.

తెర వెలిగింది: ‘రక్తపీడనం లక్ష్యానికి నాలుగు తక్కువ. మరో అర లీటరు. సరేనా?’

సలోమి నొక్కలేదు. నూకరత్నం వేలిగోరు గట్టిగా అదిమి వదిలింది. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో ఎర్రబడింది. అంటే వేళ్ల దాకా రక్తం అందుతోంది. మోకాళ్లు వెచ్చగా ఉన్నాయి. ఛాతీకి స్టెతస్కోపు ఆనిస్తే లోపల గురగుర.

దూర కేంద్రంలో ఉండే డాక్టర్ ఫణీంద్రని పిలిచింది. ఆయన కింద ఇలాంటి విభాగాలు నలభై.

“సంధాత లెక్క తప్పదు సిస్టర్. తేడా వస్తే మీ మెడకే చుట్టుకుంటుంది.”

“ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది సార్. అక్కడికి మీకు వినపడదు.”

ఆయన ఏదో అనబోతుండగానే ఆమె ద్రవం కవాటం చేత్తో మూసేసింది. అలారం మోగింది.

‘కారణం?’ అని అడిగి, ఎంచుకోమని జవాబులు చూపించింది సంధాత: గొట్టం పగిలింది. ద్రవం అయిపోయింది. రోగి మరణించారు. ఉన్నవి ఆ మూడే.

“చేత్తో చూశాను,” అంది సలోమి.

తెర మీద నాలుగో కారణం చేరింది: ‘చేత్తో చూశాను.’ నలభై నిమిషాలు ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. రక్తపీడనం పెరగలేదు, పడిపోనూ లేదు. శ్వాస మాత్రం తేలికపడింది. మూత్రం సంచిలోకి చుక్కలు దిగడం మొదలైంది.

అప్పుడు మిగతా పదకొండు తెరలూ ఒకేసారి మారాయి: ‘నర్సు చేత్తో చూసి చెప్పాలి.’

“సిస్టర్!” ఫణీంద్ర మళ్లీ లైన్లోకి వచ్చాడు. “నలభై విభాగాల్లోనూ ఇదే అడుగుతోంది. ఏం చేశారు మీరు?”

సలోమి మూడో పడకకి పరిగెత్తి, అక్కడి ముసలాయన వేలు అదిమి వదిలి లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గోరు ఇంకా తెల్లగానే ఉంది.

“ఈయనకి ద్రవం ఇవ్వు,” అంది సంధాతతో. “త్వరగా.”